ఏడో పుస్తకం

మా ఇంట్లో ఒక ఎన్‌సైక్లోపీడియా ఉండేది. మొత్తం పన్నెండు పుస్తకాలు. మా దగ్గర ఉన్నవి పదకొండు. ఏడోది లేదు. నేను చెప్పబోయేదంతా ఆ లేని పుస్తకం గురించే. ఉన్న పదకొండింటి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. మా నాయన తప్ప వాటిని ఎవరూ తెరిచేవాళ్లు కాదు, తెరిచినా ఆయనకు అర్థమయ్యేవి కావు. అన్నీ ఇంగ్లీషు.

మాది తర్లుపాడు దగ్గర పల్లె. నాయన మార్కాపురంలో ఒక పలకల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. కోసి నునుపు పట్టిన పలకలకు చెక్క చట్రాలు బిగించడం ఆయన పని. పొద్దున బస్సుకు పోయి సాయంత్రం బస్సుకు వచ్చేవాడు. లోకంలోని పిల్లలందరూ తన కొడుకు బిగించిన పలకల మీదే అక్షరాలు దిద్దుతున్నారని మా అవ్వ ఇంటికొచ్చిన వాళ్లందరికీ చెప్పేది. ఆ కొడుకు మాత్రం ఐదో తరగతికే పలక పక్కన పడేశాడు. తెలుగు గడగడా చదివేవాడు. ఇంగ్లీషయితే అక్షరాలు గుర్తుపట్టేవాడు, అంతవరకే.

పుస్తకాలు మా ఇంటికి రావడానికి కారణం ఊరగాయ జాడీలు. మార్కాపురంలో ఒక హెడ్‌మిస్ట్రెసమ్మ రిటైరై మద్రాసుకు కాపురం మార్చుతుంటే నాయన సామాను ఎక్కించడానికి పోయాడు. లారీలోకి బీరువా ఎక్కింది, మంచాలు ఎక్కాయి. మిగిలిన జాగాలో జాడీలు పడతాయి, లేదంటే పుస్తకాలు పడతాయి. ఆమె కాసేపు అటూ కాసేపు ఇటూ చూసి, "నీకు చదువుకునే పిల్ల ఉందంటివి గదా, ఇవి తీసకపో" అందట. ఆమెను నేనేమీ అనను. మద్రాసులో పుస్తకాలు దొరుకుతాయి గానీ మన పక్క ఊరగాయ యాడ దొరుకుతుంది? "ఏడోది లేదు, ఎవరికో చదవనిచ్చినా, మళ్లీ రాలేదు" అని కూడా చెప్పిందట.

నాయన రెండు గోనె మూటలు కట్టి బస్సెక్కించాడు. కండక్టరు అడ్డం పడ్డాడు.

"ఏంది మూటల్లో?"

"లోకమంతా ఉందంట దీంట్లో."

"అయితే లోకానికి లగేజీ టికెట్టు తియ్యి."

తీశాడు. పాపం, ఆ రోజు నాయన ముఖం చూడాల్సింది. పెండ్లికొడుకు దిగినట్టు దిగాడు బస్సు.

ఫ్యాక్టరీలో పనికిరాని చట్రాల చెక్కతో నాయన ఒక స్టాండు చేశాడు. పుస్తకాలు వరసగా పెట్టాడు. ఆరోది ఏడోది లేని సందులోకి ఒరిగిపోతుంటే, ఆ సందుకు సరిపోయేట్టు నాలుగు విరిగిన పలకలు కోసి ఇరికించాడు. అప్పుడు అవ్వకు ఒక ధర్మసందేహం వచ్చింది. ఎర్రటి అట్టలు, బంగారు అక్షరాలు, వేలెడు మందం. చూస్తే గుళ్లో పెట్టాల్సినట్టున్నాయి. మాది ప్రార్థన చేసుకునే ఇల్లు. బైబిలు కంటే గొప్పగా ఇంకో పుస్తకం కనబడితే ఎట్ల?

"వాక్యం మీద ఏదీ ఉండగూడదు" అని తేల్చి, వాక్యం పుస్తకాన్ని తెచ్చి ఆ పదకొండింటి మీద పెట్టింది.

దాంతో మా ఇంట్లో జ్ఞానం సంపాదించడం పెద్ద తతంగమైంది. ముందు చేతులు సబ్బుతో కడగాలి. రెండు చేతులతో వాక్యాన్ని ఎత్తాలి. మంచం మీద తెల్లగుడ్డ పరిచి దాని మీద పెట్టాలి. చిన్న ప్రార్థన చెయ్యాలి. అప్పుడు తిమింగలం గురించి చదువుకోవచ్చు.

తిమింగలం ఊరికే చెప్పలేదు. నాయన పేరు మోగింది దానితోనే. టీ దుకాణం దగ్గర ఇద్దరు పెద్దమనుషులు తిమింగలం చేపా కాదా అని కొట్టుకున్నంత పని చేశారు. ఇద్దరూ సముద్రం చూసినవాళ్లు కాదు, మా పక్క చెరువులో నీళ్లు చూడటమే గగనం. రేడియోలో ఎవరో చేప కాదని చెప్పారట. నాయన ఇద్దరినీ ఇంటికి పిలిచి, చేతులు కడిగించి, పన్నెండో పుస్తకం తీసి, పిల్ల తిమింగలం తల్లి దగ్గర పాలు తాగే బొమ్మ చూపించాడు. గెలిచినాయన ఊరంతా తిరిగి చెప్పాడు. ఓడినాయన "బొమ్మలెట్లయినా గీస్తారు" అని ఒక నెల టీ తాగడం మానుకున్నాడు.

ఆ తర్వాత మా ఇంటికి జనం రావడం మొదలైంది. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి నుంచి సగంమంది ఇళ్లకు పోతే, సగంమంది మా అరుగు మీదికి వచ్చేవాళ్లు. చందమామ మీద మనిషి కాలు పెట్టింది నిజమేనా? మేకలకు దగ్గు ఎందుకొస్తుంది? నిమ్మచెట్టుకు పూత ఎందుకు రాలుతుంది? చేనుకు ఏ పక్కన బోరు వేస్తే నీళ్లు పడతాయి? అల్లుడు పండక్కి వచ్చి మూడు రోజులుండి ఒక్కమాట కూడా మాట్లాడకుండా పోయాడు, ఎందుకు?

నాయన ఎవరినీ కాదనలేదు. ప్రశ్న శ్రద్ధగా వినేవాడు. "ఎప్పట్నించి?" అని డాక్టరు మాదిరి ఒక ఎదురుప్రశ్న వేసేవాడు. ఒక పుస్తకం తీసి చేతిలో బరువు చూసి, కాదని పెట్టేసి, ఇంకోటి తీసేవాడు. బొమ్మ దొరికితే సంతోషం, దాన్ని చూపించి నాలుగు మాటలు చెప్పేవాడు. దొరక్కపోతే పేజీలు తిప్పుతూ "ఊఁ... ఊఁ..." అని, మెల్లగా మూసేసి, పలకలు ఇరికించిన ఆ సందు వైపు చూసేవాడు.

"ఇది ఏడో దాంట్లో ఉంటది."

అంతే. అడిగినవాడు కూడా ఆ సందు వైపు చూసి తలూపేవాడు. ఏడోది లేకపోవడం నాయన తప్పు కాదు గదా. అది ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది, వచ్చినప్పుడు చూద్దాం. కొన్నాళ్లకు ఆ మాట మా ఊరి మాటయింది. మధ్యాహ్నం బస్సు వస్తుందా అంటే "ఏడో పుస్తకంలో చూడాల" అనేవాళ్లు. చుట్టం ఎప్పుడు పోతాడంటే ఏడో పుస్తకం. చర్చికి రేకులు ఎప్పుడు వేయిస్తారని ఎవరో అడిగితే పాస్టరుగారు కూడా అదే చెప్పి నవ్వాడు.

నేనప్పుడు మార్కాపురంలో హాస్టల్లో ఉండి ఎనిమిదో తరగతి చదువుతున్నాను. ఇంగ్లీషు కొంచెం పట్టుబడింది. ఒక సెలవులకు వచ్చినప్పుడు పుస్తకాల వీపుల మీద ఉన్న అక్షరాలు వరసగా చదివాను. ఆరోది జి తో అయిపోయింది, ఎనిమిదోది కె తో మొదలైంది. అంటే ఏడో పుస్తకంలో ఉండేవి హెచ్, ఐ, జె. మూడే అక్షరాలు. మా ఊరి కష్టాలన్నీ ఆ మూడక్షరాల్లోనే ఉంటాయా? నాకు భలే కోపం వచ్చింది. నాకు చిన్నప్పటి నుంచీ ఇదొక జబ్బు, తప్పు కనిపిస్తే నోరు ఊరుకోదు.

"నాయనా, మేకకు జి అక్షరం. ఆరో దాంట్లోనే ఉండాల. నిమ్మకాయ ఎల్. అది ఎనిమిదో దాంట్లో ఉంటది. ఏడో దాంట్లో ఏమీ ఉండవు."

నాయన చట్రానికి మేకు కొడుతున్నవాడు ఆగాడు. వాకిట్లో ఎవరన్నా ఉన్నారేమోనని చూశాడు.

"నాకు తెల్దనుకున్నావా?"

నేను ఆ జవాబు ఊహించలేదు.

"తెల్దని చెప్తే మనిషి ఒట్టి చేతుల్తో పోతాడు పాపా. ఏడో దాంట్లో ఉందంటే ఏదో ఒకటి పట్టుకొని పోతాడు. రేపటికి వాడి మేక దగ్గు వాడి మేకే మర్చిపోతది. నేను వాడికి ఏం నష్టం చేసినా?"

మేక సంగతిలో నిజంగా ఏ నష్టమూ లేదు. అందుకే నేను కూడా ఊరుకున్నాను. ఇంకా నిజం చెప్పాలంటే, హాస్టల్లో నా స్నేహితులు "మా నాయన కండక్టరు, మా నాయన కానిస్టేబులు" అని చెప్పుకునేటప్పుడు, "మా నాయనను ఊరంతా వచ్చి అడుగుతారు" అని నేను చెప్పుకునేదాన్ని. ఆ గొప్ప పోగొట్టుకోవడం నాకూ ఇష్టం లేకపోయింది.

నష్టం జరిగింది మా చిన్నమ్మకు.

చిన్నమ్మ మా చిన్నాయన భార్య. పక్క ఇల్లే. చిన్నాయన పనుల కోసం హైదరాబాదు పోయి ఆరునెలలకోసారి వచ్చేవాడు. వాళ్లకు ఒక్కటే పిల్ల, నాకు చెల్లెలు. నాలుగేళ్లొచ్చినా దానికి మాటలు రాలేదు. పిలిస్తే తిరిగి చూసేది కాదు. అంతమాత్రాన అమాయకురాలనుకుంటే పొరపాటే. మా ఇంట్లో బెల్లం ఎక్కడుందో మా అమ్మకంటే దానికే బాగా తెలుసు. దొరికిపోతే ఎదురు మనల్నే కొట్టి పోయేది. అందరూ మొండిదనేవాళ్లు. అవ్వయితే "దీని తాత గూడ ఐదేండ్ల దాక మాట్లాడలేదు, ఆ తర్వాత చచ్చేదాక ఆపలేదు" అని ధైర్యం చెప్పేది. పాస్టరుగారు నూనె రాసి ప్రార్థన చేశాడు.

ఒక ఆదివారం అందరూ పోయాక చిన్నమ్మ వచ్చింది. నాయనతో ఆమె ఎక్కువ మాట్లాడేది కాదు, బావగారని గౌరవం. చెంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

"బావా, పిల్లకు మాటలు వస్తాయా, రావా? పుస్తకంలో ఏమన్నా ఉందేమో చూడు. రావంటే చెప్పు, యాడికన్నా తీసకపోతా."

నాయన చేతులు కడుక్కుని చాలాసేపు వెతికాడు. ఒక పుస్తకంలో చెవి బొమ్మ దొరికింది, నిలువునా కోసి లోపల ఏముందో చూపించే బొమ్మ. దాన్ని చూస్తూ కూర్చున్నాడు. నేను పక్కనే ఉన్నాను. ఆయనకు అందులో ఏమీ అర్థం కాలేదని నాకు తెలుస్తూనే ఉంది. ఆమె అట్లనే నిలబడి ఉంది.

"చెవి సంగతి ఈడ ఉందమ్మాయ్. వినడం, మాట్లాడడం, అదంతా ఏడో దాంట్లో ఉంటది. కొంచెం ఓపిక పట్టు."

సరేనని పోయింది. నేను అడ్డం పడలేదు. ఎందుకంటే వినడానికి ఇంగ్లీషులో మొదటి అక్షరం హెచ్చే. ఈ ఒక్కసారికి నాయన చెప్పింది నిజమే కావచ్చు, ఆ పుస్తకంలో చెల్లి సంగతి నిజంగానే ఉండొచ్చు అనుకున్నాను. హాస్టల్లో లైబ్రరీ అనే గది ఒకటి ఉండేది, దానికెప్పుడూ తాళమే. ఇంకెక్కడ చూడాలో నాకు తోచలేదు. అట్ల రెండేళ్లు గడిచాయి. చిన్నమ్మ మళ్లీ అడగలేదు. మా ఇంటికి వచ్చినప్పుడల్లా ఆ పలకల సందు వైపు మాత్రం ఒకసారి చూసి పోయేది.

నా పదో తరగతి పరీక్షలయ్యాక ఒక శనివారం మధ్యాహ్నం, గిద్దలూరు నుంచి ఒక ముసలి సాయబు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. చంకలో గళ్ల లుంగీ గుడ్డలో చుట్టిన మూట. అవ్వ మంచినీళ్లిచ్చింది. నీళ్లు తాగి మూట విప్పాడు. ఎర్ర అట్ట, బంగారు అక్షరాలు. వీపు మీద ఏడు.

"హెడ్‌మాస్టరమ్మ అమానతు ఇది. నాది అప్పుడు జట్కా. ఆమె దగ్గర గుర్రం బొమ్మలున్నాయని నేనే అడిగి తీస్కున్నా, నా గుర్రానికి కాళ్ల నొప్పి ఉండె. చదవను రాదు, బొమ్మలే చూస్తి. గుర్రం పాయె, జట్కా పాయె, ఆటోలు వచ్చె. ఇది ఇంట్లోనే ఉండె. ఒకరి సొత్తు పెట్టుకొని నేను మట్టిలోకి ఎట్ల పోయేది? మార్కాపురంలో అడిగితే పుస్తకాలు మీకిచ్చిందన్నారు."

ఆ పెద్దాయన అప్పగింత పూర్తి చేసి, బిస్మిల్లా అని లేచి, మూడు గంటల బస్సుకు వెళ్లిపోయాడు. ఆయన మంచితనం మా నాయన మెడకు ఉరి అవుతుందని ఆయనకేం తెలుసు.

సాయంత్రం బస్సు దిగేసరికి నాయన కోసం పదిమంది నిలబడి ఉన్నారు. "ఏడోది వచ్చిందంట గద" అని ఒకరి తర్వాత ఒకరు భుజం తట్టారు. నాయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఇంటికొచ్చి, చేతులు కూడా కడుక్కోకుండా పుస్తకం తిప్పి చూశాడు.

"ఇది మన సెట్టుదేనంటావా? రంగు కొంచెం తేడాగా లేదూ?"

అవ్వ పలకలు తీసి పుస్తకాన్ని సందులోకి తోసింది. ఊడిన పన్ను మళ్లీ మొలిచినట్టు సరిగ్గా కూర్చుంది.

తెల్లారేసరికి నాయనకు చలిజ్వరం. ఆరాధనకు రాలేదు. అవ్వ నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, "చల్లగా ఉంది గదరా" అంది. "లోపల కాలతాంది" అన్నాడు నాయన. చర్చిలో పాట అయిపోగానే ఊరు ఊరంతా మా వాకిట్లోకి వచ్చింది. టీ దుకాణమాయన కూడా దుకాణం కట్టేసి వచ్చాడు. పాస్టరుగారు కుర్చీ తెప్పించుకున్నాడు. నాయన దుప్పటి కప్పుకుని నన్ను దగ్గరికి పిలిచాడు.

"నువ్వు చదువు పాపా. ఏదో ఒకటి చదువు. మంచిగా చదువు. నా పరువు నీ నోట్లో ఉంది."

నా వయసు పదిహేను. చేతిలో గుర్రాల గురించి, ఇటుకలు కాకుండా మంచుతో కట్టిన ఇళ్ల గురించి, జపాను గురించి రాసిన పుస్తకం. ఎదురుగా మేకల దగ్గు. కుడితిలో పడ్డ ఎలుక గతి నాది.

మేకలాయన ముందు లేచాడు. నేను గుర్రం పేజీ తెరిచి, వేలు పెట్టి, కళ్లు చిట్లించి, "పొద్దున్నే తడిగడ్డి మేపగూడదు అని ఉంది పెద్దనాయనా" అన్నాను. అది మా అవ్వ రోజూ చెప్పే మాటే.

"చూసినారా, ఇంగ్లీషోళ్లు గూడ అదే చెప్పినారు" అని ఆయన అందరి వైపూ తిరిగాడు.

దాంతో నాకు దారి దొరికింది. ఎవరికి ఏం చెప్పాలన్నా మా ఊరి ముసలివాళ్లు చెప్పిందే ఇంగ్లీషులోంచి చదివినట్టు చదివాను. నిమ్మచెట్టుకు పూత మీద ఉండగా నీళ్లెక్కువ పెట్టొద్దని జపాను పేజీలోంచి చదివాను. బోరు అడిగినాయనకు, "ఈ నేలలో నీళ్లు పడటం అదృష్టం అని రాసినారు" అంటే, "ఎవరు రాసినారో గాని అనుభవించి రాసినారు" అని కూర్చున్నాడు. అల్లుడి సంగతికి, "మామే ముందు మాట్లాడాల అని ఉంది" అన్నాను. ఆడవాళ్లంతా అవునవునన్నారు. అవ్వ కూడా ఊరుకోక మోకాళ్ల నొప్పుల గురించి అడిగింది. "ఊరికే కూర్చోకుండా ఇంట్లో నాలుగు పనులు చెయ్యాలని ఉంది" అన్నాను, మా అమ్మ వైపు చూడకుండా. "ఆ సాయబును పిలవండి, పుస్తకం వాపసిచ్చేస్తా" అంది అవ్వ. వాకిలంతా నవ్వులే. నాకు భలే సరదాగా ఉంది. దుప్పటి లోపల నాయనకు జ్వరం తగ్గుతున్నట్టు కూడా తెలుస్తోంది.

అప్పుడు చిన్నమ్మ లేచింది. చెల్లికి తలకు నూనె పెట్టి, క్రిస్మసు గౌను వేసి, చెయ్యి పట్టుకుని తెచ్చింది. ఆ గౌను దానికి అప్పటికే పొట్టయింది. దానికి ఆరేళ్లు.

"దీని సంగతి చూడు పాపా."

చూడాల్సిన పని లేదు. అంతకు ముందు సాయంత్రమే వినికిడి గురించి రాసిన పేజీలు రెండుసార్లు చదివాను. చెవి లోపల మూడు చిన్న ఎముకలుంటాయని, శబ్దం వాటి మీదుగా పోతుందని ఉంది. కుక్కలు మనకంటే ఎక్కువ వింటాయని ఉంది. పిలిస్తే పలకని పిల్లను ఏం చెయ్యాలో, ఎక్కడికి తీసుకుపోవాలో ఒక్క ముక్క కూడా లేదు. నేను పేజీ తెరిచాను. అలవాటైన నోరు, ఊరుకోలేదు. అందరూ నా వైపే చూస్తున్నారు.

"కొందరు పిల్లలకు ఎనిమిదేండ్లకు..."

"ఆపు పాపా."

నాయన దుప్పటి తీసేసి లేచి నిలబడ్డాడు. నా చేతిలోంచి పుస్తకం తీసుకుని మూసేశాడు. జనం ముందు ఆయన గొంతు అంత చిన్నగా ఉండటం నేనెప్పుడూ వినలేదు.

"దాంట్లో లేదమ్మాయ్. నాకు తెల్దు. ఆ పొద్దు గూడ తెల్దు."

చిన్నమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఆమెకు కోపం వచ్చింది. నిజమైన కోపం.

"తెల్దని ఆ పొద్దే చెప్పింటే, ఆ పొద్దే పట్టుకొని పోయేదాన్ని గద బావా."

పిల్లను ఎత్తుకుని వెళ్లిపోయింది. ఆరేళ్ల పిల్లను, చంటిదాన్ని ఎత్తుకున్నట్టు. అది తల్లి భుజం మీది నుంచి అందరికీ చెయ్యి ఊపుతూ పోయింది.

జనం ఒక్కొక్కరే లేచారు. నాయన ముఖం చూసే ధైర్యం ఎవరికీ లేదు. మేకలాయన మాత్రం గడప దగ్గర ఆగి, గొంతు తగ్గించి నన్నడిగాడు.

"అయితే పాపా, ఆ తడిగడ్డి సంగతి?"

"అది అవ్వ చెప్పింది."

"అవ్వ చెప్పిందయితే సరే" అని నిశ్చింతగా పోయాడు.

మర్నాడు పొద్దున మొదటి బస్సుకు నాయన సంచి పట్టుకుని చిన్నమ్మ వాకిట్లో నిలబడ్డాడు. ఫ్యాక్టరీకి సెలవు పెట్టాడు. బోర్డులు చదవడానికి నన్ను రమ్మన్నాడు. ఆమె ఏమీ అనకుండా తలుపు గొళ్లెం పెట్టి బయల్దేరింది. మార్కాపురంలో బస్సు మారి, గిద్దలూరు మీదుగా, నల్లమల ఘాటు దాటి, నంద్యాల, కర్నూలు. అంత దూరం పోయినా ఆమె నాయనతో ఒక్కమాట మాట్లాడలేదు. నాయన అరటిపండ్లు కొంటే చెల్లికి ఇచ్చింది, తాను ముట్టలేదు. కర్నూలులో దిగి దారి అడుగుతూ పెద్దాసుపత్రికి చేరాం. దారిలో నాయన ఎంతమందిని అడిగాడో లెక్కలేదు. అడగడం ఎట్లాగో ఆయన ఆ రోజే నేర్చుకుంటున్నట్టు అనిపించింది.

ఆ తర్వాత సంగతి త్వరగా చెప్పేస్తాను. చెల్లికి కొంచెం వినికిడి ఉందన్నారు. చెవికి మిషను పెట్టారు. మాటలు నేర్పే బడిలో వేశారు. కొన్ని మాటలు వచ్చాయి, కొన్ని రాలేదు. మిగతావన్నీ చేతులతో చెప్తుంది. ఇప్పుడు మార్కాపురంలో జాకెట్లు కుడుతుంది. బట్ట ఇచ్చిన రోజుకు కుట్టి ఇవ్వదు, అడిగితే చెవి మిషను తీసి పక్కన పెట్టి వినపడనట్టు చూస్తుంది. నాకు రోజూ వీడియో కాల్ చేసి చేతులతోనే తిడుతుంది. ఎన్‌సైక్లోపీడియాను చెదలు తిన్నంత తిన్నాయి. నాయన మాత్రం ఆ రోజు నుంచి మారిపోయాడు. ఎవరేం అడిగినా ముందు "తెల్దు" అనేవాడు. చేతికి వాచీ పెట్టుకుని టైమెంతంటే కూడా "తెల్దు" అనేసి, తర్వాత చూసి చెప్పేవాడు. ఆ వెంటనే "పా, తెలిసినోళ్ల దగ్గరికి పోదాం" అని చెప్పులేసుకునేవాడు. ఇప్పుడు నా చేతిలో ఉన్న ఫోను దేన్నడిగినా తెలియదని అనదు. తప్పో ఒప్పో ఏదో ఒకటి చెప్పేస్తుంది. మొదట్లో మా నాయన రకం.

ఆసుపత్రి గదిలో జరిగింది మాత్రం మా ఊళ్లో ఎవరికీ తెలియదు. నాయన చెప్పలేదు, చిన్నమ్మ చెప్పలేదు. నాయన పోయి నాలుగేళ్లయింది కాబట్టి నేను చెప్తున్నాను.

డాక్టరు చెల్లి చెవులు చూసి, గంట మోగించి, చప్పట్లు కొట్టి, కాగితం మీద ఏదో రాసి తలెత్తాడు.

"ఆరేళ్లదాకా ఏం చేస్తున్నారమ్మా? మాటలు నేర్చుకునే వయసే అది. రెండేళ్ల ముందు తెచ్చుంటే ఈ పిల్ల ఇంకెంతో మాట్లాడేది. ఇంట్లో చెప్పేవాళ్లే లేరా?"

నాయన ఒక అడుగు ముందుకేశాడు. తప్పు నాది సార్ అనబోతున్నాడని నాకు తెలుసు. ఆయన నోరు తెరిచేలోగా చిన్నమ్మ అందుకుంది. రెండు రోజులుగా ఆయన ముఖం చూడని మనిషి.

"మా బావ ఎప్పట్నించో చెప్తానే ఉన్నాడు సార్. నేనే తేలేదు."

డాక్టరు ఆమెను తిట్టడం మొదలుపెట్టాడు. చదువులేకపోతే మానె, బుద్ధన్నా ఉండొద్దా అన్నాడు. కన్నతల్లివేనా అని కూడా అన్నాడు. ఆమె పిల్ల తల నిమురుతూ, తలొంచుకుని అన్నీ పడింది. ఆ తిట్లు మొత్తం నాయన పక్కనే నిలబడి విన్నాడు.